మారిషస్: భూమి పుట్టుక, సాధారణ నేపథ్యం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 ఉపోద్ఘాతం
1.2 ఉనికి, విస్తీర్ణం
1.3 ద్వీపం పుట్టుక
1.4 నైసర్గిక స్వరూపం, వాన, నేల
1.5 పగడపు దిబ్బ
1.6 మనుషుల రాక
1.7 రాళ్ళు ఏరిన చేతులు
1.8 నేటి మారిషస్
1.9 సారాంశం
1.10 కీలక పదాలు
1.11 సమీక్ష ప్రశ్నలకు సమాధానాలు
1.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ద్వీపాలు ఎన్ని రకాలుగా ఏర్పడతాయో చెప్పగలుగుతారు.
• మారిషస్ ద్వీపం అగ్నిపర్వతం నుంచి ఏర్పడిన క్రమాన్ని దశలవారీగా వివరించగలుగుతారు.
• ఆ ద్వీపానికీ తెలుగు నేలకూ ఉన్న భూగర్భ సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• అక్కడి నేల, వాన, చెరకు సాగు, వలస కూలీల చరిత్ర ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చర్చించగలుగుతారు.

1.1 ఉపోద్ఘాతం

మీరు కార్వేటినగరం చుట్టుపక్కల ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకోండి. తలెత్తి చూస్తే నగరి కొండల వరుస కనబడుతుంది. ఆ కొండల్లో ఎక్కువ భాగం క్వార్ట్జైట్ అనే రాయి. ఒకప్పటి ఇసుక పొరలు అణిగి, గట్టిపడి ఈ రాయిగా మారాయి. దాని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. చిత్తూరు వైపు పొలాల్లో బయటపడే గ్రానైటు, నైస్ రాళ్ళు ఇంకా పాతవి. అవి 250 కోట్ల సంవత్సరాల కిందటివి, అంతకన్నా పాతవి కూడా. అంటే మీరు నిలబడిన నేల ప్రపంచంలోని పాత నేలల్లో ఒకటి.

ఇప్పుడు హిందూ మహాసముద్రంలో నైరుతి దిక్కుగా చాలా దూరం వెళ్తే వచ్చే మారిషస్ ద్వీపాన్ని తీసుకుందాం. అక్కడి కొండల్లో అతి పాతదాని వయస్సు కోటి సంవత్సరాలు కూడా లేదు. మీ ఊరి రాయి ముందు అది నిన్న మొన్నటి రాయి. అయినా ఆ ద్వీపం మనకు పరాయిది కాదు. దాన్ని పుట్టించిన భూగర్భపు వేడే అంతకు ముందు దక్కన్ పీఠభూమి లావాను కక్కింది. ఆ లావా రాజమహేంద్రవరం దాకా వచ్చింది. ఆ తరవాత ఎన్నో కోట్ల సంవత్సరాలకు, 19వ శతాబ్దంలో, ఆ గోదావరి తీరం నుంచే తెలుగు కూలీలు ఓడలెక్కి ఆ ద్వీపానికి వెళ్ళి, అక్కడి లావా రాళ్ళను ఏరి చెరకు పొలాలు చేశారు.

కాబట్టి మారిషస్ నేల రెండు విధాలుగా తయారైందని చెప్పవచ్చు. రాయిని అగ్నిపర్వతం ఇచ్చింది. పొలాన్ని మనుషులు చేశారు. ఈ రెండింటినీ కలిపి చదవడమే ఈ పాఠం ఉద్దేశం.

1.2 ఉనికి, విస్తీర్ణం

మారిషస్ దక్షిణార్ధగోళంలో, సుమారు 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 57.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మడగాస్కర్‌కు తూర్పుగా 800 కి.మీ.కు పైగా దూరం. ప్రధాన ద్వీపం పొడవు సుమారు 65 కి.మీ., వెడల్పు సుమారు 45 కి.మీ., వైశాల్యం 1,865 చదరపు కి.మీ. విభజనకు ముందున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇది దాదాపు ఎనిమిదో వంతు.

దేశమంటే ఈ ఒక్క ద్వీపమే కాదు. తూర్పున రోడ్రిగ్స్ (108 చదరపు కి.మీ.), ఉత్తరాన అగలేగా, ఈశాన్యంగా సెయింట్ బ్రాండన్ చిన్న దీవులు కూడా ఇందులో భాగం. అన్నీ కలిపితే నేల సుమారు 2,040 చదరపు కి.మీ. అయితే ఆ దేశానికి ఆర్థిక హక్కులున్న సముద్రం సుమారు 23 లక్షల చదరపు కి.మీ. ద్వీప దేశాల విషయంలో ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. నేల చిన్నదైనా సముద్రం పెద్దది.

మారిషస్, రోడ్రిగ్స్, ఫ్రాన్స్ ఏలుబడిలోని రీయూనియన్, ఈ మూడింటినీ కలిపి మస్కరీన్ దీవులు అంటారు. పోర్చుగీసు నావికుడు పెడ్రో మస్కరెన్యాస్ పేరు మీద ఈ పేరు వచ్చింది.

1.3 ద్వీపం పుట్టుక

1.3.1 ద్వీపాల రకాలు

అన్ని ద్వీపాలూ ఒకే తీరుగా పుట్టవు. హిందూ మహాసముద్రంలోనే మూడు రకాలు చూడవచ్చు.

(అ) ఖండ సంబంధమైన ద్వీపాలు: ఒకప్పుడు పెద్ద భూఖండంలో భాగమై, తరవాత విడిపోయినవి. శ్రీలంక, మడగాస్కర్ ఇలాంటివి. సీషెల్స్‌లోని మాహే దీవి గ్రానైటు రాతితో ఉంది. నడి సముద్రంలో గ్రానైటు ఉండటమే అది ఖండపు ముక్క అనడానికి గుర్తు.

(ఆ) అగ్నిపర్వత ద్వీపాలు: సముద్రపు అడుగున పగిలిన చోటు నుంచి లావా పొరలు పొరలుగా పేరుకొని నీటిపైకి వచ్చినవి. మారిషస్, రీయూనియన్ ఈ రకం.

(ఇ) పగడపు ద్వీపాలు: మునిగిపోతున్న అగ్నిపర్వతాల మీద పగడపు జీవుల సున్నపు గూళ్ళు పేరుకొని ఏర్పడినవి. మాల్దీవులు, లక్షద్వీప్ ఇందుకు ఉదాహరణలు.

1.3.2 హాట్‌స్పాట్ అంటే ఏమిటి?

భూమి పైపెంకు అనేక ఫలకాలుగా పగిలి ఉంటుంది. ఆ ఫలకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంటాయి. పెంకు కింద మాంటిల్ అనే మందమైన పొర ఉంటుంది. ఆ పొరలో లోతు నుంచి వేడి పదార్థం కొన్నిచోట్ల స్తంభంలా పైకి వస్తుంది. అలాంటి చోటును హాట్‌స్పాట్ (ఉష్ణస్థానం) అంటారు. పైనున్న ఫలకం జరుగుతుంటుంది, కిందనున్న వేడిచోటు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది.

ఇంట్లో కాటుక పట్టడం మీరు చూసే ఉంటారు. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లిస్తే మసి ఒకచోటే పడుతుంది. ఆ పళ్ళేన్ని మెల్లగా ఒక వైపు జరుపుతూ పోతే మసి చారలా పడుతుంది. ముందుగా పడిన మసి దీపానికి దూరంగా, కొత్తగా పడిన మసి దీపానికి దగ్గరగా ఉంటుంది. హాట్‌స్పాట్ మీద ఫలకం కదిలినప్పుడు సముద్రంలో అగ్నిపర్వతాల వరుస ఏర్పడేది ఈ పద్ధతిలోనే. వరుసలో ఒక చివర ముసలి ద్వీపాలు, మరో చివర పడుచు ద్వీపాలు ఉంటాయి.

1.3.3 దక్కన్ నుంచి మారిషస్ దాకా

మారిషస్‌ను పుట్టించిన వేడిచోటును రీయూనియన్ హాట్‌స్పాట్ అంటారు. దాని కథ మన దేశంలోనే మొదలైంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట భారత ఫలకం ఉత్తరంగా జరుగుతూ ఈ వేడిచోటు మీదుగా వెళ్ళింది. అప్పుడు పశ్చిమ భారతంలో నేల పగిలి లావా వరదలా పారింది. చల్లారిన ఆ లావా పొరలనే దక్కన్ ట్రాప్స్ అంటాం. ఇప్పటికీ అవి సుమారు 5 లక్షల చదరపు కి.మీ. మేర పరచుకొని ఉన్నాయి. తెలంగాణలో వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి, దాని మీది నల్లరేగడి నేల దాని ఫలితమే.

ఆ లావాలో కొంత పాత నదీ లోయల వెంట సుమారు 1,000 కి.మీ. పారి తూర్పు తీరం చేరిందని భూవిజ్ఞానులు చెబుతారు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి రెండు వైపులా, కాతేరు, పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో నల్లరాయి క్వారీలు ఉన్నాయి. అక్కడి రాళ్ళను రాజమండ్రి ట్రాప్స్ అంటారు. రెండు లావా పొరల నడుమ సున్నపురాయి పొర, అందులో సముద్రపు జీవుల అవశేషాలు కనిపిస్తాయి. లావా వచ్చిన నాటికి అక్కడ సముద్రతీరం ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

భారత ఫలకం ఉత్తరానికి సాగుతుంటే వేడిచోటు దాని వెనక వరుసగా గుర్తులు వేస్తూ పోయింది. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద ఉన్న అగ్నిపర్వత పీఠం ఆ గుర్తులే. ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. మాల్దీవులు భారతదేశం వైపు ఉన్నాయి, మారిషస్ ఆఫ్రికా ఫలకం వైపు ఉంది. ఒకే వేడిచోటు రెండు ఫలకాల మీద గుర్తులు ఎలా వేసింది? ఈ రెండు ఫలకాల నడుమ సముద్రపు అడుగున ఒక పగులు ఉంది. అక్కడ కొత్త రాయి పుడుతూ రెండు వైపులకూ జరుగుతుంటుంది. సుమారు 4 కోట్ల సంవత్సరాల కిందట ఈ పగులు రేఖే వేడిచోటును దాటి పక్కకు జరిగింది. ఆ తరవాత వేడిచోటు ఆఫ్రికా ఫలకం కిందికి వచ్చింది. అటుపై పుట్టినవే మారిషస్, దాని తరవాత రీయూనియన్. ఇప్పుడు వేడిచోటు రీయూనియన్ కింద ఉంది. అందుకే అక్కడి పిటాన్ ద లా ఫూర్నేజ్ అగ్నిపర్వతం నేటికీ తరచుగా లావా కక్కుతుంటుంది, మారిషస్‌లో మాత్రం అగ్నిపర్వతాలు చల్లారాయి.

1.3.4 మారిషస్ ఏర్పడిన మూడు దశలు

మొదటి దశ (సుమారు 90 లక్షల నుంచి 47 లక్షల సంవత్సరాల కిందటి వరకు): సముద్రపు అడుగు నుంచి పేరుకుంటూ వచ్చిన లావా నీటిపైకి తేలింది. పలుచని లావా దూరం పారి, బోర్లించిన డాలులాంటి పెద్ద అగ్నిపర్వతం తయారైంది. దాని నడిమి భాగం తరవాత కుంగిపోయింది. వాన, గాలి అంచులను తినేశాయి. మిగిలిన అంచు ముక్కలే నేటి మోకా, గ్రాండ్ పోర్ట్, బ్లాక్ రివర్ కొండల వరుసలు.

రెండవ దశ (సుమారు 35 లక్షల నుంచి 17 లక్షల సంవత్సరాల కిందటి వరకు): కొంత విరామం తరవాత నైరుతి భాగంలో మళ్ళీ లావా పుట్టింది.

మూడవ దశ (సుమారు 10 లక్షల నుంచి 25 వేల సంవత్సరాల కిందటి వరకు): ద్వీపం మధ్యగా, ఈశాన్యం నుంచి నైరుతికి ఉన్న గీత వెంట చిన్న చిన్న అగ్నిపర్వత నోళ్ళు తెరుచుకున్నాయి. వాటి లావా పాత లోయలను నింపి నడిమి పీఠభూమినీ, ఉత్తర మైదానాన్నీ కప్పింది. క్యూర్‌పైప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్ అనే బిలం, గంగా తలావ్ అని పిలిచే గ్రాండ్ బాసిన్ సరస్సు ఈ దశకు చెందినవి. మహాశివరాత్రికి లక్షల మంది నడిచి వెళ్ళే ఆ గంగా తలావ్ ఒకప్పటి అగ్నిపర్వతపు నోరు.

మూడవ దశ లావా కొత్తది కావడం వల్ల అది పూర్తిగా మట్టిగా మారలేదు. ఆ ప్రాంతాల్లో నేల నిండా బండలు ఉండటానికి కారణం ఇదే. 1.7 విభాగంలో ఈ విషయం మళ్ళీ వస్తుంది.

1.3.5 ఇసుకలో దొరికిన పాత గింజలు

ఇంతవరకు చెప్పుకున్న దాని ప్రకారం మారిషస్‌లో కోటి సంవత్సరాలకు మించిన రాయి ఉండకూడదు. కానీ 2013లో శాస్త్రజ్ఞులు అక్కడి సముద్రపుటొడ్డు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజపు సన్నని గింజలను గుర్తించారు. వాటి వయస్సు 66 కోట్ల నుంచి 197 కోట్ల సంవత్సరాలు. గాలికో, మనుషుల వల్లనో బయటి నుంచి వచ్చి ఉండవచ్చని కొందరు అనుమానించారు. 2017లో మరో పరిశోధన బృందం ఇసుకలో కాకుండా, గట్టి అగ్నిపర్వత రాయి లోపలే జిర్కాన్లను చూపించింది. వాటి వయస్సు 250 నుంచి 300 కోట్ల సంవత్సరాలు. రాయి లోపల ఉన్నది గాలికి వచ్చింది కాదు కదా.

దీని అర్థం ఏమిటి? మారిషస్ లావా కింద ఒక పాత ఖండపు ముక్క మునిగి ఉంది. లావా పైకి వస్తూ దానిలోని గింజలను కొన్ని తెచ్చింది. ఆ ముక్కకు మారిషియా అని పేరు పెట్టారు. గోండ్వానా మహాఖండం చీలినప్పుడు భారతదేశానికీ మడగాస్కర్‌కూ నడుమ ఉండి, పలుచబడి మునిగిపోయిన భాగం అది. మన చిత్తూరు ప్రాంతపు నైస్ రాళ్ళ వయస్సూ, ఆ గింజల వయస్సూ ఒకే కాలానికి చెందినవని గమనించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(1) సీషెల్స్ మాహే దీవి, మారిషస్ దీవి పుట్టుకలో ముఖ్యమైన తేడా ఏమిటి?
(2) రీయూనియన్‌లో అగ్నిపర్వతం ఇంకా రగులుతుండగా మారిషస్‌లో ఎందుకు చల్లారింది?
(3) రాతి లోపల జిర్కాన్ దొరకడం వల్ల ఏ అనుమానం తీరింది?

1.4 నైసర్గిక స్వరూపం, వాన, నేల

ద్వీపం నడుమ 300 నుంచి 600 మీటర్ల ఎత్తు గల పీఠభూమి ఉంది. దాని చుట్టూ పాత అగ్నిపర్వతపు అంచు కొండలు, వాటి వెలుపల తీర మైదానం ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం నైరుతిలోని పిటాన్ ద లా పెతీత్ రివియేర్ న్వార్, 828 మీటర్లు. తిరుమల ఊరు ఉన్న ఎత్తు కూడా ఇంచుమించు ఇంతే. నైరుతి మూలలో సముద్రంలోకి పొడుచుకొని లె మోర్న్ (556 మీటర్లు) నిలబడి ఉంటుంది.

ఆగ్నేయ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా సముద్రం మీది తేమను తెస్తాయి. కొండలు, పీఠభూమి అడ్డుపడటం వల్ల నడిమి భాగంలో ఏడాదికి 4,000 మి.మీ. వరకు వాన పడుతుంది. కొండల చాటున ఉన్న పశ్చిమ తీరంలో 900 మి.మీ. మాత్రమే. చిత్తూరు ప్రాంతపు సగటు వాన కూడా సుమారు 900 మి.మీ. అని పోల్చి చూడండి. ఒక గంట బస్సు ప్రయాణంలో నాలుగు రెట్ల తేడా రావడం కొండల చలవే.

దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వేసవి, మే నుంచి అక్టోబరు వరకు చలికాలం. తుపానులు వేసవిలో వస్తాయి. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కరోల్ తుపాను వేలాది ఇళ్ళను కూల్చింది. కర్రలు, గడ్డి, రేకులతో కట్టిన ఇళ్ళ స్థానంలో కాంక్రీటు ఇళ్ళు విరివిగా రావడం ఆ తరవాతే మొదలైంది.

పాత లావా మీద వాన ఎంతోకాలం పనిచేసి లోతైన ఎర్రమట్టిని తయారుచేసింది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి, మిగతావి కొట్టుకుపోవడం వల్ల ఆ రంగు వస్తుంది. షమరెల్ వద్ద ఏడు రంగుల మట్టిదిబ్బలు ఈ మార్పుకు మంచి ఉదాహరణ. కొత్త లావా మీద మట్టి పలుచగా, బండలతో నిండి ఉంటుంది. అయితే ఆ రాయిలో సందులు ఎక్కువ కాబట్టి వాననీరు లోపలికి ఇంకి భూగర్భ జలంగా నిలుస్తుంది. ఇళ్ళకు వాడే నీటిలో పెద్ద భాగం ఇలా ఇంకిన నీరే.

1.5 పగడపు దిబ్బ

చల్లారిన ద్వీపం చుట్టూ వెచ్చని, లోతులేని నీటిలో పగడపు జీవులు చేరి దిబ్బ కట్టాయి. సుమారు 150 కి.మీ. పొడవున అది ద్వీపాన్ని చుట్టి ఉంది. పెద్ద అలలు దిబ్బకు తగిలి విరిగిపోతాయి. దిబ్బకూ ఒడ్డుకూ నడుమ నిలకడగా ఉండే నీటిని లాగూన్ అంటారు. తెల్లని ఇసుక కూడా చాలావరకు పగడాలు, గవ్వలు అరిగి తయారైనదే. నల్లరాయి ద్వీపానికి తెల్లటి ఒడ్డు ఉండటానికి కారణం ఇది.

దక్షిణ తీరంలో కొన్నిచోట్ల దిబ్బలేదు. అక్కడ అలలు నేరుగా నల్లరాతి గట్లను కొడుతుంటాయి. దిబ్బ ఎంత అవసరమో ఆ రెండు తీరాలను పోల్చితే తెలుస్తుంది. సముద్రపు నీరు వేడెక్కితే పగడాలు తెల్లబడి చనిపోతాయి. 2020 జూలై 25న వాకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరపు దిబ్బ మీద చిక్కుకుంది. తరవాతి నెలలో దాని నుంచి సుమారు 1,000 టన్నుల ఇంధన నూనె లాగూన్‌లోకి కారింది. ప్రజలు చెరకు ఆకులు గోతాల్లో కూరి, నూనెను ఆపే తేలుడు గట్లు కట్టారు. ద్వీప దేశంలో నేలను కాపాడుకోవడమంటే దిబ్బను కాపాడుకోవడం కూడా.

1.6 మనుషుల రాక

మారిషస్ ఏనాడూ నేల దారిలో ఏ ఖండానికీ అతికి లేదు. అందువల్ల అక్కడికి ఈదుకొనో, ఎగిరో, తేలుకుంటూనో వచ్చిన జీవులే చేరాయి. గబ్బిలాలు తప్ప నేలమీది క్షీరదాలు లేవు. వేటాడే జంతువు లేనిచోట డోడో అనే పావురం జాతి పక్షి ఎగరడం మానుకొని పెద్దదైంది. మనుషులు, వారి వెంట ఎలుకలు, పందులు, కోతులు వచ్చాక వందేళ్ళలోపే అది అంతరించింది. డోడో బతుకూ చావూ రెండూ ఆ నేల పుట్టిన తీరు నుంచి వచ్చినవే.

అరబ్బు నావికులకూ, ఆ తరవాత పోర్చుగీసువారికీ ఈ ద్వీపం తెలుసు గాని వారు అక్కడ స్థిరపడలేదు. 1598లో డచ్చివారు దిగి తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1638లో స్థావరం వేసి, జావా నుంచి చెరకు తెచ్చి, 1710లో వదిలి వెళ్ళారు. 1715లో ఫ్రెంచివారు స్వాధీనం చేసుకొని ఐల్ ద ఫ్రాన్స్ అన్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్డొనే పోర్ట్ లూయిస్‌ను రేవుగా, రాజధానిగా కట్టించాడు. 1746లో మద్రాసును ముట్టడించి పట్టుకున్నది ఆయన నౌకాదళమే. ఆ కాలంలో పనులు చేసింది మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల నుంచి తెచ్చిన బానిసలు. కట్టడపు పనులకు పుదుచ్చేరి వైపు నుంచి చేతిపనివారినీ తీసుకుపోయారు.

1810లో బ్రిటిష్‌వారు ద్వీపాన్ని గెలిచారు. అక్కడి భాష, మతం, చట్టాలను అలాగే ఉంచుతామని ఒప్పుకున్నారు. ఇంగ్లీషు పాలనలో పోయిన దేశంలో నేటికీ ఫ్రెంచి పత్రికలు నడవడానికి ఇది మూలం. 1825లో మారిషస్ చక్కెర మీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేయగానే ద్వీపమంతా చెరకు పాకింది. 1835లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చారు.

1.7 రాళ్ళు ఏరిన చేతులు

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయిస్‌లో దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, మగవారికి నెలకు 5 రూపాయల జీతం. అప్పటి నుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. 1861 నాటికే ద్వీప జనాభాలో భారతీయులు 60 శాతం దాటారు. వారు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్. అక్కడి 16 రాతి మెట్లు నేటికీ ఉన్నాయి. అవీ నల్లరాతివే. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ వలసలో బీహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారు ఎక్కువ. తమిళులు, మరాఠీలు, తెలుగువారు కూడా ఉన్నారు. తెలుగువారు గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి ఎక్కువగా వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కడం వల్ల అక్కడ తెలుగువారందరికీ కొరంగీలు అనే పేరు పడింది. 1839 నవంబరు తుపాను ఉప్పెనకు కోరంగి రేవు దెబ్బతింది గాని సముద్రానికి అవతల పేరు నిలిచింది.

మీ ప్రాంతం సంగతి ఏమిటని అడగవచ్చు. ఆ రోజుల్లో కార్వేటినగరం సంస్థానం మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. కరువు కాలాల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కూ, మరో అగ్నిపర్వత ద్వీప దేశమైన ఫిజీకీ చాలామంది వెళ్ళారు. వారు వెళ్ళిందీ ప్రధానంగా చెరకు పనికే.

ఇప్పుడు నేల దగ్గరకు తిరిగి వద్దాం. మూడవ దశ లావా మీద బండలు నిండి ఉన్నాయని చదివారు. అలాంటి చోట చెరకు నాటాలంటే ముందు రాళ్ళు తీయాలి. అడవి కొట్టి, గడ్డపారతో బండలు పెకలించి, మోసి, పొలం నడుమ గోడలుగా, కుప్పలుగా పేర్చాలి. మిగిలిన రాళ్ళ సందుల్లో గుంటలు తీసి చెరకు నాటాలి. రాయలసీమలో చేను బాగుచేసేటప్పుడు రాళ్ళు ఏరి గట్టు మీద, మన వైపు మాటలో గెనిమ మీద, పేర్చడం మీకు తెలిసిన పనే. అదే పనిని ఒక ద్వీపమంతటా చేశారని ఊహించండి. మొదట బానిసలు, తరవాత ఒప్పందపు కూలీలు చేతులతో ఈ పని చేశారు. మారిషస్ చెరకు పొలాల మధ్య నేటికీ నిలిచి ఉన్న నల్లరాళ్ళ కుప్పలు, గోడలు వారు మిగిల్చిన గుర్తులు. భూస్వరూప పటంలో అవి కనిపించవు గాని ఆ నేలను సాగునేలగా మార్చింది అవే.

పని నియమాలు కఠినంగా ఉండేవి. ఒకరోజు రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఒప్పందం ముగిసినవారు కూడా అనుమతి చీటీ లేకుండా తిరిగితే పట్టుకునేవారు. తిరుగు ప్రయాణపు ఖర్చు ఇచ్చే షరతును 1850ల మొదట్లో తీసేశారు. దానితో చాలామంది అక్కడే ఉండిపోయారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ కూలీల తరఫున అర్జీ రాయించగా, విచారణకు 1872లో రాయల్ కమిషన్ వచ్చింది.

1870ల తరవాత చక్కెర ధరలు తగ్గడంతో పెద్ద తోటల యజమానులు తమకు గిట్టుబాటు కాని అంచు భూములను ముక్కలుగా అమ్మసాగారు. కూడబెట్టుకున్న డబ్బుతో పాత కూలీలు వాటిని కొన్నారు. వారి చేతికి వచ్చింది మంచి నేల కాదు, తరచుగా రాళ్ళు మిగిలిన నేల. మళ్ళీ రాళ్ళు ఏరారు. ఈసారి తమ పొలం కోసం. మారిషస్ చిన్న రైతు వర్గం పుట్టింది ఇలాగే. తరవాత ఆ కుటుంబాల పిల్లలే చదువుకొని, ఉద్యోగాల్లోకీ, రాజకీయాల్లోకీ వచ్చారు.

1.8 నేటి మారిషస్

1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. శివసాగర్ రామ్‌గులామ్ తొలి ప్రధానమంత్రి. 1992 మార్చి 12న గణతంత్ర దేశమైంది. స్వాతంత్ర్యానికి ముందు, 1965లో బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. ఆ విడదీత చట్టబద్ధంగా జరగలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. రీయూనియన్ హాట్‌స్పాట్ వేసిన దీవులే దేశాల మధ్య వివాదానికి కూడా కేంద్రమయ్యాయి.

2022 జనగణన ప్రకారం జనాభా సుమారు 12.35 లక్షలు. ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది క్రియోల్. పాలనలో ఇంగ్లీషు, పత్రికల్లో ఫ్రెంచి ఎక్కువ. స్వాతంత్ర్యం నాటికి ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చక్కెరే. 1970లో ఎగుమతి మండలాల చట్టం చేశాక దుస్తుల పరిశ్రమ, తరవాత పర్యాటకం, ఆర్థిక సేవలు పెరిగాయి. ఇప్పుడు యంత్రాలతో చెరకు కోయడానికి వీలుగా చాలా పొలాల్లోని పాత రాళ్ళ కుప్పలను తొలగించారు. పని తేలికైంది గాని కూలీల గుర్తు కొంత చెరిగిపోయింది.

తెలుగువారు అక్కడ చిన్న సమూహమే. అయినా ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ కొనసాగుతున్నాయి. బడుల్లోనూ, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలోనూ తెలుగు నేర్పుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(1) తెలుగువారికి కొరంగీలు అనే పేరు ఎందుకు వచ్చింది?
(2) ఏ దశ లావా ఉన్న భూముల్లో రాళ్ళు ఏరడం ఎక్కువ అవసరమైంది? ఎందుకు?

1.9 సారాంశం

మారిషస్ అగ్నిపర్వత ద్వీపం. 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కన్ లావాను కక్కిన రీయూనియన్ హాట్‌స్పాటే సుమారు 90 లక్షల సంవత్సరాల కిందట దీన్ని నీటిపైకి తెచ్చింది. మూడు దశల లావా కొండలను, పీఠభూమిని, మైదానాన్ని ఇచ్చింది. దాని అడుగున గోండ్వానా కాలపు ఖండపు ముక్క ఉందని జిర్కాన్ గింజలు చూపాయి. వాన పాత లావాను మట్టిగా మార్చింది. వాన పూర్తిచేయని పనిని బానిసలు, ఒప్పందపు కూలీలు గడ్డపారలతో పూర్తిచేశారు. వారిలో గోదావరి, విశాఖ తీరాల తెలుగువారూ ఉన్నారు. కాబట్టి ఒక దేశపు భూస్వరూపాన్ని చదివేటప్పుడు ఆ నేల మీద పనిచేసినవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1.10 కీలక పదాలు

హాట్‌స్పాట్: మాంటిల్ లోతు నుంచి వేడి పదార్థం పైకి వచ్చే చోటు.
బసాల్ట్: లావా చల్లారితే ఏర్పడే నల్లరాయి.
ట్రాప్స్: లావా పొరలు మెట్లు మెట్లుగా పేరుకొన్న ప్రదేశం.
జిర్కాన్: కోట్ల సంవత్సరాలు చెడకుండా ఉండి, రాళ్ళ వయస్సు లెక్కించడానికి ఉపయోగపడే ఖనిజం.
లాగూన్: పగడపు దిబ్బకూ ఒడ్డుకూ నడుమ ఉండే నిలకడ నీరు.
ఒప్పందపు కూలీ: నిర్ణీత సంవత్సరాలు పనిచేస్తానని కాగితం రాసి పరదేశానికి వెళ్ళిన కూలీ.

1.11 సమీక్ష ప్రశ్నలకు సమాధానాలు

సమీక్ష – 1: (1) మాహే గ్రానైటుతో ఉన్న ఖండపు ముక్క, మారిషస్ లావాతో ఏర్పడింది. (2) ఫలకం కదలడం వల్ల మారిషస్ వేడిచోటుకు దూరమైంది, రీయూనియన్ దాని మీద ఉంది. (3) ఆ గింజలు గాలి, మనుషుల వల్ల బయటి నుంచి వచ్చాయేమోనన్న అనుమానం తీరింది.

సమీక్ష – 2: (1) చాలామంది కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కడం వల్ల. (2) మూడవ దశ. అది కొత్త లావా కాబట్టి పూర్తిగా మట్టిగా మారలేదు.

1.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మారిషస్ ద్వీపం ఏర్పడిన క్రమాన్ని దశలవారీగా వివరించండి.
2. మారిషస్ నేల స్వభావానికీ, అక్కడి వలస కూలీల చరిత్రకూ గల సంబంధాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రాజమండ్రి ట్రాప్స్ గురించి రాయండి.
2. పగడపు దిబ్బ వల్ల ద్వీపానికి కలిగే ప్రయోజనాలు తెలపండి.
3. మీ ఊరి చుట్టుపక్కల కనిపించే రాయి, మట్టి, పొలం గట్లను పరిశీలించండి. వాటిలో ప్రకృతి చేసినదేది, మనుషులు చేసినదేది వేరుచేసి రాయండి. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, ఆ గట్లు ఎవరి కాలంలో పడ్డాయో చేర్చండి.